మట్టి మిద్దె (నడిగడ్డ)

మట్టి మిద్దె అనగా మట్టి గోడల మీద గాని, మట్టి అడుసుతో కట్టిన రాతి గోడల మీద గాని కర్ర దూలాలు పరచి, వాటిపై మట్టిని, చౌడును కప్పుగా వేసి నిర్మించే చదునైన పైకప్పు గల ఇల్లు. తెలంగాణలోని పాలమూరు ప్రాంతంలోను, ఆంధ్రప్రదేశ్‌లోని రాయలసీమలోను, వాటిని ఆనుకొని ఉన్న కర్ణాటక జిల్లాలలోను ఈ రకపు ఇళ్ళు తరతరాలుగా వాడుకలో ఉన్నాయి. కృష్ణా, తుంగభద్రా నదుల నడుమ గల నడిగడ్డలో సామాన్య రైతు కుటుంబాలకు, చేనేత కుటుంబాలకు ఇదే సంప్రదాయ గృహం.

కొద్దిపాటి జాగాలో, ఊరి పొలిమేరలో దొరికే వస్తువులతో, కాల్చిన ఇటుక గాని సిమెంటు గాని లేకుండా ఈ ఇల్లు తయారవుతుంది. తీవ్రమైన వేసవిలోనూ లోపల చల్లగా ఉంటుంది. పాతబడి కూలిపోతే గోడల మట్టి మళ్ళీ మట్టిలోనే కలుస్తుంది, దూలాలు మరో ఇంటికి పనికివస్తాయి. అయితే నీటికి ఈ ఇల్లు తట్టుకోలేదు. ఎడతెరిపి లేని వానలు, నదుల వరదలు మట్టి మిద్దెలకు ప్రాణాంతకంగా పరిణమించిన సందర్భాలు ఉన్నాయి. అందువలన పర్యావరణానికి అనుకూలమైన చిన్న ఇళ్ళ రూపకల్పనలో మట్టి మిద్దె నుండి గ్రహించవలసినవి ఎన్ని ఉన్నాయో, విడిచిపెట్టవలసినవి కూడా అన్ని ఉన్నాయి.

పేరు

మిద్దె అనే మాటకు ప్రాంతాన్ని బట్టి అర్థం మారుతుంది. కొన్ని ప్రాంతాలలో మిద్దె అంటే మేడ, అనగా పై అంతస్తు గల ఇల్లు. రాయలసీమలోను, పాలమూరు దక్షిణ భాగంలోను మాత్రం ఒకే అంతస్తు ఉన్నా, పైకప్పు చదునుగా ఉంటే దానిని మిద్దె అనే అంటారు. గడ్డి కప్పిన దానిని గుడిసె లేదా కొట్టం అని, పెంకులు కప్పిన దానిని పెంకుటిల్లు అని వేరుగా పిలుస్తారు. పైకప్పులో చౌడు వాడతారు గనుక దీనిని చౌడు మిద్దె అని కూడా అంటారు. సిమెంటు స్లాబు వచ్చిన తరువాత రెండింటినీ వేరు చేసి చెప్పడానికి మట్టి మిద్దె అన్న పేరు స్థిరపడింది.

ప్రాంతం, వాతావరణం

హైదరాబాదు నుండి కర్నూలుకు వెళ్ళే 44వ జాతీయ రహదారి (పూర్వపు 7వ జాతీయ రహదారి) పెబ్బేరు దాటిన తరువాత బీచుపల్లి వద్ద కృష్ణానదిని దాటుతుంది. ఆంజనేయస్వామి ఆలయానికి ప్రసిద్ధి చెందిన బీచుపల్లి నది దక్షిణపు ఒడ్డున ఉంది. ఇక్కడి నుండి కర్నూలు ముందర తుంగభద్ర ఒడ్డు వరకు గల భూభాగమే నడిగడ్డ. గద్వాల, అలంపురం, అయిజ, రాజోలి ఇందులోని ముఖ్యమైన ఊళ్ళు. పూర్వం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2016 అక్టోబరు 11న ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లాలో చేరింది. నదికి ఉత్తరపు ఒడ్డు వనపర్తి జిల్లాలో ఉంది.

ఇరువైపులా పెద్ద నదులు ఉన్నప్పటికీ నడిగడ్డ వర్షపాతం తక్కువగా ఉండే మెట్ట ప్రాంతం. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. ఈ ప్రాంతం సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందున మే మొదటి వారంలో మధ్యాహ్న సూర్యుడు దాదాపు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ఎండ గోడలపై కంటే పైకప్పుపై ఎక్కువగా పడుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన ఇటువంటి చోట ఏటవాలు కప్పు కంటే మందమైన చదును కప్పు ప్రయోజనకరం. కోస్తా జిల్లాలలో గాలివానలను తట్టుకోవడానికి గుండ్రని చుట్టిల్లు ఎలా ఏర్పడిందో, ఎండను తట్టుకోవడానికి ఇక్కడ మిద్దె అలా ఏర్పడింది.

నిర్మాణం

పునాది, గోడలు

గట్టి నేల తగిలే వరకు తవ్వి, బండరాళ్ళతో పునాది వేస్తారు. పునాదిని నేలమట్టానికి పైన కొంత ఎత్తు వరకు రాతితోనే లేపుతారు. దీని వలన వాన చినుకులు నేలపై పడి ఎగసినా మట్టి గోడ అడుగు భాగం తడవదు. రాయి పుష్కలంగా దొరికే ఊళ్ళలో గోడ మొత్తాన్ని రాతితోనే కట్టి, రాళ్ళ మధ్య మట్టి అడుసు మాత్రం వాడతారు.

మట్టి గోడకు ఎర్రమట్టిని గాని, చెరువు పూడిక మట్టిని గాని వాడతారు. కేవలం జిగట మట్టి అయితే ఎండినప్పుడు పగుళ్ళు వస్తాయి. కేవలం ఇసుక మట్టి అయితే నిలవదు. అందువలన రెండింటినీ తగు పాళ్ళలో కలిపి, గడ్డి లేదా ఊక వేసి, నీరు పోసి కొన్ని రోజులు నానబెట్టి కాళ్ళతో తొక్కుతారు. ఈ అడుసును ముద్దలుగా చేసి వరుసలుగా పేర్చుతారు. ఒక వరుస ఆరి గట్టిపడిన తరువాతే దానిపై మరొక వరుస పెడతారు. అందుచేత గోడలు పూర్తి కావడానికి వారాలు పడుతుంది. గోడ మందం సాధారణంగా ఒకటిన్నర నుండి రెండున్నర అడుగుల వరకు ఉంటుంది. చివరకు మట్టి, పేడ, ఊక కలిపి లోపలా బయటా గిలాబు చేస్తారు.

పైకప్పు

గోడల మీద, అవసరమైన చోట నిలువు స్తంభాల మీద పెద్ద దూలాలు పెడతారు. వాటికి అడ్డంగా దంతెలు అనే సన్నని వాసాలను దగ్గర దగ్గరగా పరుస్తారు. దంతెల మీద పుల్లలు, ఆకులు గాని, పలుచని బండలు గాని కప్పి, ఆపైన తడి మట్టిని వేసి దిమ్మిసతో కొడతారు. అన్నిటికంటే పైన చౌడు పొర ఉంటుంది. నీరు నిలవకుండా కప్పుకు ఒకవైపు కొద్దిపాటి వాలు ఇచ్చి, పిట్టగోడలో రాతి లేదా కర్ర దోనెలు అమర్చుతారు. దోనె గోడకు దూరంగా ముందుకు పొడుచుకొని ఉంటుంది. దోనె పొట్టిదైతే నీరు గోడ మీదుగానే జారి గోడను కోసివేస్తుంది.

దూలాల కోసం వేప, తుమ్మ వంటి స్థానిక కలపను వాడతారు. స్తోమత గలవారు టేకు వాడేవారు. దొరికే దూలం పొడవే గది వెడల్పును నిర్ణయిస్తుంది. మట్టి మిద్దెలలో గదులు ఇరుకుగా, పొడుగ్గా ఉండడానికి ప్రధాన కారణం ఇదే.

చౌడు

చౌడు అనగా సోడియం లవణాలు అధికంగా గల మట్టి. పంటలకు పనికిరాని ఈ నేల నుండి తీసిన మట్టిని పూర్వం చాకలివారు బట్టలు ఉతకడానికి వాడేవారు. సోడియం అధికంగా ఉన్న బంకమట్టి వాన నీటితో తడిసినప్పుడు దానిలోని అతి సన్నని రేణువులు విడివడి, మట్టిలోని సూక్ష్మ రంధ్రాలను పూడ్చివేస్తాయి. దానితో నీరు కిందికి ఇంకడం చాలా నెమ్మదిస్తుంది. పొలంలో మొక్క వేరుకు నీరు అందనివ్వని ఈ దోషమే ఇంటి కప్పుపై గుణంగా మారుతుంది. చౌడులో గడ్డి సులభంగా మొలవదు గనుక వేర్లు దిగి కప్పును చీల్చే బెడద కూడా తక్కువ.

వెలుతురు, గాలి

బయటి గోడలకు కిటికీలు తక్కువగా, చిన్నవిగా ఉంటాయి. వెలుతురు కోసం పైకప్పులో చిన్న రంధ్రం వదులుతారు. రాయలసీమలో దీనిని గవాచి అంటారు. గవాక్షం అన్న మాటకు ఇది వ్యావహారిక రూపం. పొయ్యి పొగ కూడా దీని గుండానే పోతుంది. వాన వచ్చినప్పుడు దానిపై బండ గాని, బోర్లించిన కుండ గాని మూస్తారు. పొగ పట్టిన దూలాలకు పురుగు పట్టదని ప్రతీతి. అయితే వంట చేసే స్త్రీల ఊపిరితిత్తులకు, కళ్ళకు ఈ పొగ హాని చేస్తుంది.

జాగా వినియోగం

సామాన్య కుటుంబపు మిద్దెలో ఒకటి లేదా రెండు గదులు మాత్రమే ఉంటాయి. ఒక్కొక్క పనికి ఒక్కొక్క గది కేటాయించడం కాక, ఒకే చోటును వేళను బట్టి వేర్వేరు పనులకు వాడుకోవడం ఈ ఇళ్ళ పద్ధతి. పగలు పని చేసుకొనే చోటే రాత్రి చాపలు పరచుకొని పడుకుంటారు. మంచాలను పగలు గోడకు నిలబెడతారు. ఇంటిలో జాగాను పొదుపుగా వాడుకోవడానికి తోడ్పడే ఏర్పాట్లలో ముఖ్యమైనవి ఇవి:

అరుగు: వాకిలికి ఇరుపక్కలా ఉండే ఎత్తైన తిన్నె. కూర్చోవడానికి, అతిథులకు, ధాన్యం చెరగడానికి, వేసవి రాత్రులలో పడుకోవడానికి ఉపయోగపడుతుంది. గోడ, కప్పు ఖర్చు లేని గది వంటిది.

గూళ్ళు: గోడ మందంలోనే తొలిచిన అరలు. దీపం, పుస్తకాలు, వంట సామాను పెట్టుకుంటారు. బీరువాకు కావలసిన నేల మిగులుతుంది.

అటక, ఉట్టి: దూలాల కింద కర్రలు పరచి చేసిన అటకపై ఏడాదికి సరిపడే సామాను దాస్తారు. పాలు, పెరుగు ఉట్టిలో వేలాడదీస్తారు.

పాతర: ధాన్యం నిల్వకు నేలలో తవ్విన గొయ్యి. ఇంటి ముందు గాని, ఇంటిలో గాని ఉండేది.

మిద్దె పైభాగం: మిరపకాయలు, వేరుశనగ, కందులు, వడియాలు ఎండబెట్టడానికి కళ్ళం. వేసవిలో కుటుంబమంతటికీ పడక. నిచ్చెన వేసుకొని ఎక్కుతారు. నేల మీద ఇల్లు ఎంత ఆక్రమిస్తుందో దాదాపు అంత జాగాను కప్పు మీద తిరిగి ఇస్తుంది.

ఉమ్మడి గోడ: వరుసగా ఉన్న ఇళ్ళకు మధ్యగోడ ఒకటే ఉంటుంది. దీని వలన మట్టి, శ్రమ కలిసివస్తాయి. రెండు పక్కల నుండి ఎండ తగలదు.

చేనేత కుటుంబాల ఇళ్ళలో ఈ పొదుపు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు జతచేసే గద్వాల చీరలను నేసే మగ్గాలలో గుంట మగ్గం ఒకటి. నేతగాని కాళ్ళు, తొక్కుడు పలకలు నేలలో తవ్విన గుంటలో ఉంటాయి గనుక మగ్గం ఎత్తు తగ్గి, తక్కువ ఎత్తు గల మిద్దెలో ఇమిడిపోతుంది. మట్టి నేల, మట్టి గోడల వలన గదిలో కొంత తేమ నిలిచి ఉంటుంది. పొడి గాలిలో నూలు పోగులు తరచు తెగుతాయి కాబట్టి ఈ తేమ నేతకు మేలు చేస్తుంది. ఈ కుటుంబాలకు ఇల్లు నివాసమే కాక కార్ఖానా కూడా. ఇల్లు మారితే బ్రతుకుతెరువు కూడా మారవలసి ఉంటుంది.

చల్లదనానికి కారణం

మందమైన మట్టి గోడ, మట్టి కప్పు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లబడతాయి. పగటి వేడి గోడ బయటి నుండి లోపలి ముఖానికి చేరడానికి చాలా గంటలు పడుతుంది. అది లోపలికి చేరే వేళకు పొద్దు కుంకి బయటి గాలి చల్లబడుతుంది. అందువలన మధ్యాహ్నం బయట ఎండ మండుతున్నా లోపల చల్లగాను, చలికాలపు తెల్లవారుజామున వెచ్చగాను ఉంటుంది. రాత్రి మొదటి జాములలో లోపల ఉక్కగా ఉండడం దీని మరో ముఖం. ఆ వేళకు కుటుంబం మిద్దె పైకి చేరడం వలన ఆ లోపం కూడా సర్దుబాటు అవుతుంది.

నాలుగైదు అంగుళాల సిమెంటు స్లాబుకు ఈ గుణం లేదు. ఎండలో త్వరగా వేడెక్కి, సాయంత్రం నుండి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. మిద్దె నుండి స్లాబు ఇంటికి మారిన కుటుంబాలు ఫ్యానులు, కూలర్లు లేకుండా వేసవి గడపలేకపోవడానికి ఇదే కారణం. నిర్మాణానికి కావలసిన ఇంధనంలోనూ తేడా ఉంది. సిమెంటు తయారీకి సున్నపురాయి మిశ్రమాన్ని సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చవలసి ఉండగా మట్టి గోడకు ఎండ చాలు.

నిర్వహణ

మట్టి మిద్దె ఒకసారి కట్టి వదిలివేసే ఇల్లు కాదు. ఏటా మృగశిర కార్తెకు ముందే కప్పుపై పగుళ్ళు పూడ్చి, కొత్త చౌడు వేసి, దోనెలు శుభ్రం చేయాలి. గోడలకు మట్టి గిలాబు చేయాలి. పండుగలకు సున్నం, జాజు పూస్తారు. వారానికి ఒకటి రెండు సార్లు నేలను పేడతో అలుకుతారు. ఈ పనిలో అధిక భాగం స్త్రీలదే. బండి కట్టి చౌడు తోలడం, కప్పు తొక్కడం ఊరిలో పరస్పర సాయంతో జరిగేవి.

వలసలు పెరిగిన కొద్దీ ఈ ఏర్పాటు దెబ్బతిన్నది. పాలమూరు నుండి ఏటా వేలాది కుటుంబాలు నిర్మాణ పనులకు, మట్టి పనులకు హైదరాబాదు, ముంబై, పుణె వంటి నగరాలకు వెళ్ళేవి. ఇతరుల కోసం మేడలు కట్టే చేతులు ఊరిలో లేని వేళ తమ మిద్దెలు బాగుకు నోచుకోలేదు. రెండు మూడు వానాకాలాలు చౌడు వేయని మిద్దె కురవడం మొదలవుతుంది. కురిసిన చోట దూలం చివుకుతుంది.

బలహీనతలు

మట్టి మిద్దెలోని ప్రధాన లోపం కప్పు బరువు. ఒక ఘనమీటరు మట్టి సుమారు 1,600 నుండి 1,800 కిలోల బరువు ఉంటుంది. ఒక అడుగు మందం గల మట్టి కప్పు చదరపు మీటరుకు సుమారు 500 కిలోలు తూగుతుంది. ఈ లెక్కన 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గదిపై ఐదున్నర టన్నుల మట్టి నిలిచి ఉంటుంది. వానకు తడిస్తే ఇది ఇంకా పెరుగుతుంది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు 250 నుండి 300 కిలోలు మాత్రమే ఉంటుంది. పాత పొరను గీకివేయకుండా ఏటా దానిపైనే కొత్త చౌడు వేస్తూ పోతే బరువు ఏడాదికేడాది పెరుగుతుంది. కురవకుండా కాపాడడానికి చేసే పనే చివరకు దూలం విరగడానికి కారణం కావచ్చు.

రెండవ లోపం తడిసిన మట్టి బలం కోల్పోవడం. పొడిగా ఉన్నప్పుడు టన్నుల బరువు మోసే గోడ, అడుగు భాగం నానితే జారిపోతుంది. రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు, సాధారణంగా రాత్రివేళ అందరూ నిద్రలో ఉండగా ఇళ్ళు కూలడం వలన ప్రాణనష్టం ఎక్కువగా ఉంటుంది. 2020 అక్టోబరులో వనపర్తి జిల్లా గోపాల్‌పేట మండలం బుద్దారంలో ఇల్లు కూలి ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురు మరణించారు. 2021 అక్టోబరులో జోగులాంబ గద్వాల జిల్లా అయిజ మండలం కొత్తపల్లిలో గోడ కూలి ఒకే కుటుంబానికి చెందిన ఐదుగురు మరణించారు. రెండు ఘటనలూ వానాకాలం చివరలో, గోడలు బాగా నాని ఉన్న సమయంలో జరిగినవి.

భూకంపాలలో కూడా ఈ నిర్మాణం ప్రమాదకరమే. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి వద్ద సంభవించిన భూకంపంలో వేలాది మంది మరణించడానికి మట్టి అడుసుతో కట్టిన మందపాటి రాతి గోడలు, బరువైన మట్టి కప్పులే ముఖ్య కారణమని తేలింది. నడిగడ్డలో భూకంప ప్రమాదం తక్కువే అయినా నిర్మాణ లక్షణం ఒకటే. మట్టి ఇళ్ళ భూకంప నిరోధకతను పెంచే పద్ధతులను భారత ప్రమాణాల సంస్థ ఐ.ఎస్. 13827 ప్రమాణంగా 1993లో ప్రకటించింది.

ముంపు, వరదలు

శ్రీశైలం జలాశయం నిర్మాణంలో కృష్ణా, తుంగభద్రా తీరాలలోని అనేక గ్రామాలు ముంపుకు గురయ్యాయి. అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలోని ఈ గ్రామాలను 1981లో ఖాళీ చేయించారు. అలంపురం, కొల్లాపురం ప్రాంతాలు ఇందులో ఉన్నాయి. ముంపు ప్రాంతంలోని కొన్ని ప్రాచీన ఆలయాలను రాయి రాయిగా విప్పి అలంపురం వంటి చోట్ల తిరిగి నిర్మించారు. కూడలి సంగమేశ్వరాలయం వాటిలో ఒకటి. రాతి గుడిని విప్పి మరోచోట కట్టవచ్చును గాని మట్టి గోడను అలా తరలించలేరు. మట్టి మిద్దెలో తరలించగలిగినవి దూలాలు, దంతెలు, తలుపులు, గడపలు, బండలు మాత్రమే.

2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట కర్ణాటకలోను, కర్నూలు ప్రాంతంలోను కురిసిన భారీ వర్షాలకు తుంగభద్ర, కృష్ణ ఒకేసారి పొంగాయి. 19 లక్షల క్యూసెక్కుల వరదకు రూపొందించిన శ్రీశైలం ఆనకట్టకు సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. అక్టోబరు 2న కర్నూలు నగరం నీట మునిగింది. నడిగడ్డలో అలంపురం, రాజోలి, నదీతీరంలోని ఇతర గ్రామాలు మునిగిపోయాయి. రాతితో, సిమెంటుతో కట్టిన ఇళ్ళు బురదతో నిండినా నిలిచాయి. మట్టి మిద్దెలు మాత్రం నానిన గోడలపై తమ కప్పు బరువుకే కుప్పకూలాయి. చేనేత కుటుంబాలు ఇంటితో పాటు గుంటలో బిగించిన మగ్గాన్ని, నూలును, నేసి ఉంచిన చీరలను కోల్పోయాయి. తరువాత ఎత్తైన ప్రదేశాలలో పునరావాస కాలనీల నిర్మాణం చేపట్టారు.

గృహ పథకాలు, కొలతలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బలహీనవర్గాల గృహనిర్మాణం కోసం 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983 తరువాత పక్కా ఇళ్ళ పథకం విస్తరించింది. 2006లో ఇందిరమ్మ పథకం మొదలయింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత 2015లో ప్రకటించిన రెండు పడకగదుల ఇళ్ళ పథకంలో ఇంటి విస్తీర్ణం 560 చదరపు అడుగులు. 2024 మార్చిలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో కనీస విస్తీర్ణం 400 చదరపు అడుగులు, ప్రభుత్వ సాయం 5 లక్షల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన పేదల ఇళ్ళ పథకంలో ఇంటి విస్తీర్ణం 340 చదరపు అడుగులు.

ఇంత చిన్న విస్తీర్ణంలో గోడ మందం ముఖ్యమైన అంశమవుతుంది. పొడవు, వెడల్పు 20 అడుగుల చొప్పున గల 400 చదరపు అడుగుల ఇంటిని ఉదాహరణగా తీసుకుంటే, నడిమి గోడలను లెక్కించకుండా లోపల మిగిలే జాగా ఈ విధంగా ఉంటుంది:

నాలుగు వైపులా 2 అడుగుల మట్టి గోడ: 256 చదరపు అడుగులు (64 శాతం).

నాలుగు వైపులా 9 అంగుళాల గోడ: 342 చదరపు అడుగులు (సుమారు 86 శాతం).

పడమటి గోడ మాత్రం 2 అడుగులు, మిగిలినవి 9 అంగుళాలు: 319 చదరపు అడుగులు (సుమారు 80 శాతం).

చల్లదనం కోసం నాలుగు వైపులా మందపు గోడ కడితే ఒక చిన్న గదికి సరిపోయే జాగా గోడలలోనే పోతుంది. పాత ఊరిలో ఉమ్మడి గోడ వలన ఈ నష్టం ఇరుగుపొరుగు మధ్య సగం సగంగా పంచుకోబడేది. కాలనీలలో విడివిడిగా కట్టే ఇళ్ళకు ఆ అవకాశం లేదు. మట్టి మిద్దెను ఉన్నది ఉన్నట్లుగా నేటి స్థలాలలో కట్టడం సాధ్యం కాకపోవడానికి వరద భయంతో పాటు ఈ లెక్క కూడా కారణం.

నేటి చిన్న ఇళ్ళకు అనువైన పద్ధతులు

మట్టి మిద్దెలోని గుణాలను నిలుపుకొంటూ లోపాలను తగ్గించే నిర్మాణ పద్ధతులు భారతదేశంలో కొన్ని దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఏర్పడిన అస్త్ర విభాగం, 1989లో మొదలైన ఆరోవిల్ భూ సంస్థ మట్టి దిమ్మెలపై పరిశోధన చేశాయి. కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007) తక్కువ ఖర్చు ఇళ్ళకు ప్రసిద్ధుడు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో ఉన్న గ్రామీణ సాంకేతిక పార్కులో ఇటువంటి ఇళ్ళ నమూనాలు కట్టి చూపించారు.

అరుగు మట్టం: వరద మట్టానికి, వీధి మట్టానికి పైన రాతితో గట్టి పునాది వేసి, దానిపై తేమ ఎక్కకుండా కాంక్రీటు పట్టీ వేయాలి. నదీతీరంలో వరద మట్టానికి దిగువన ఏ రకపు మట్టి గోడా పనికిరాదు.

మట్టి దిమ్మెలు: సుమారు 5 నుండి 8 శాతం సిమెంటు కలిపిన మట్టిని యంత్రంతో నొక్కి, కొన్ని వారాలు తడుపుతూ ఆరబెట్టిన దిమ్మెలు తడిసినా కరగవు. వీటిని బట్టీలో కాల్చనక్కరలేదు. 9 అంగుళాల గోడకు సరిపోతాయి. మట్టిలో చౌడు పాలు ఎక్కువగా ఉంటే గోడకు పనికిరాదు గనుక ముందుగా పరీక్షించుకోవాలి.

బోలు గోడ: ఇటుకలను అంచుపై నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కట్టే పద్ధతి. బేకర్ ప్రచారం చేసిన ఈ పద్ధతిలో సుమారు నాలుగో వంతు ఇటుకలు ఆదా అవుతాయి. మధ్యనున్న గాలి వేడిని అడ్డుకుంటుంది.

పెంకులు పొదిగిన స్లాబు: స్లాబు అడుగు భాగంలో కాంక్రీటుకు బదులు పెంకులు గాని, బోర్లించిన మట్టి పాత్రలు గాని పొదుగుతారు. కాంక్రీటు, బరువు, వేడి మూడూ తగ్గుతాయి. స్లాబుపై సున్నం పూయడం, తెల్ల పెంకులు పరచడం వలన ఎండ తిరిగి పరావర్తనమవుతుంది. ఇటువంటి కప్పులను ప్రోత్సహించడానికి తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది.

నీడ: పడమటి వైపు మందపు గోడ గాని, పందిరి గాని, వేప చెట్టు గాని ఉండాలి. గవాచి స్థానంలో కప్పుకు దగ్గరగా ఎదురెదురు గోడలలో చిన్న కిటికీలు పెడితే వేడిగాలి పైనుండి పోతుంది, వాన లోపలికి రాదు.

పాత ఏర్పాట్లు: అరుగు, గూళ్ళు, అటక, మెట్లతో మిద్దె పైభాగం ఇరుకు ఇంటికి నేడూ ఉపయోగపడతాయి. పిట్టగోడ లేని స్లాబు, అరుగు లేని వాకిలి గల ఇల్లు కాగితం మీద అంతే విస్తీర్ణం చూపినా వాడకంలో చిన్నదవుతుంది. చేనేత కుటుంబానికి ఇంటి నమూనాలోనే మగ్గానికి చోటు ఉండాలి. గట్టి నేల వేసిన తరువాత గుంట తవ్వడం కష్టం.

ఉన్న మిద్దెలో నివసించేవారు కప్పుపై కొత్త చౌడు వేసే ముందు పాత పొరను దించడం, దూలాల చివరలను ఏటా తట్టి చూడడం, గోడ అడుగున నీరు నిలవకుండా కాలువ తీయడం, గోడ ఉబ్బినా కొత్త పగులు కనిపించినా ముసురు రోజులలో ఆ గదిలో పడుకోకపోవడం ప్రాణరక్షణకు అవసరమైన జాగ్రత్తలు.

ప్రస్తుత స్థితి

నడిగడ్డ గ్రామాలలో మట్టి మిద్దెలు సిమెంటు స్లాబు ఇళ్ళ మధ్య నేటికీ కనిపిస్తాయి. కొన్నింటిని పశువుల కొట్టాలుగా, ధాన్యపు గదులుగా వాడుతున్నారు. కొత్త ఇల్లు కట్టుకొన్నా వేసవి మధ్యాహ్నం పాత మిద్దెలోనే గడిపే వృద్ధులు ఉన్నారు. చౌడు మిద్దె వేయడం తెలిసిన పనివారు తగ్గిపోతున్నందున పాతవాటి మరమ్మతు కూడా కష్టమవుతున్నది.

ఇవి కూడా చూడండి

చుట్టిల్లు
పెంకుటిల్లు
గద్వాల చీర
బీచుపల్లి
అలంపురం
శ్రీశైలం ప్రాజెక్టు
లారీ బేకర్